వారం రోజుల విశ్రాంతి

తాను చనిపోయి మూడేళ్లయిందని ఆరోగ్య కేంద్రం గోడకు అంటించిన కాగితంలో చదివిందామె.

మందుల చీటీ చేతిలోంచి జారిపోయింది. వంగి తీసుకోబోతే నడుము కలుక్కుమంది. గోడ పట్టుకుని నిలబడి మళ్లీ చదివింది. పొరపాటేం లేదు. పైన పెద్ద అక్షరాలతో 'మన పేట ఆరోగ్య వార్తలు'. రక్తపోటు శిబిరానికీ దోమల మందుకీ మధ్య ఆమె భర్త ఫోటో. వేసుకున్నది నీలం చొక్కా. ప్రతి శనివారం పొద్దున్నే ఆమె ఇస్త్రీ చేసి ఇచ్చే చొక్కా.

"భార్య పోయి మూడేళ్లయినా, మంచం పట్టిన తల్లిని ఒంటిచేత్తో సాకుతున్న కొడుకు ఈయన. ఈ ఏటి ఉత్తమ సంరక్షకుడిగా వారం రోజుల విశ్రాంతి గెలుచుకున్నారు. ఆ వారం తల్లిని మన కేంద్రమే చూసుకుంటుంది."

ఆ వారం కోసం ఆమె ఏడాదిగా అడుగుతోంది. ఓ వారం బరువులు ఎత్తొద్దనీ, ఎత్తితే మంచాన పడేది మీరేననీ డాక్టరు చెప్పాడు. అత్తగారు ఆ బరువుల లెక్కలోకి వస్తుందో రాదో ఆమె అడగలేదు. ఇంటికొచ్చి భర్తతో అంది, "ఏమండీ, మంచాన పడ్డవాళ్లని ఆరోగ్య కేంద్రంలో కొన్నాళ్లు ఉంచుకుంటారట. ఓసారి కనుక్కోరూ." వారం తర్వాత ఆయన పేపర్లోంచి తలెత్తకుండా, "కనుక్కున్నాను. అలాంటివేం లేవు. అయినా ఇంట్లో ఉండేదానికి విశ్రాంతేమిటి, విడ్డూరం కాకపోతే" అన్నాడు. అత్తగారు మంచంలోంచే అందుకుంది. "నా కొడుకు శనివారాలు కూడా ఆఫీసుకెళ్లి చస్తున్నాడు. వాణ్ణి చూసి నేర్చుకో, అమ్మాయ్."

ఈరోజు శనివారమే. అత్తగారి కాలి పుండుకి దూదీ, ఆయింట్‌మెంటూ ఎప్పుడూ ఆయనే ఆఫీసు నుంచి వస్తూ తెచ్చేవాడు. పొద్దున్న కట్టు కట్టే గాజుగుడ్డ అయిపోతే అత్తగారిని అరగంట పక్కింటావిడకి అప్పజెప్పి, మొదటిసారి ఆమె ఇక్కడికొచ్చింది.

"ఆయన మా హీరో అండీ!" అంది కౌంటరులో నర్సు, ఆమె చూపు ఎక్కడుందో గమనించి. "ప్రతి శనివారం సంరక్షకుల బృందానికి వస్తారు. టీ, బిస్కెట్లు, మెడకి మర్దన, మనసులో బరువు దింపుకోవడానికి నలుగురు మనుషులు. ఇప్పుడు లోపల ఆయనే మాట్లాడుతున్నారు. మీకు తెలుసా ఆయన?"

"వాళ్లింట్లో పని చేస్తాను." నోటికి అదే వచ్చింది.

"అలాగా. పెట్టిపుట్టావు, వెళ్లి విను" అంది నర్సు. మీరు అన్న నోరు నువ్వు అనడానికి రెప్పపాటు కూడా పట్టలేదు.

ఆమె తలుపు తోసుకుని వెళ్లి చివరి కుర్చీలో కూర్చుంది. గుండ్రంగా పదిమంది ఆడవాళ్లు. వాళ్ల మధ్య, వీపు ఇటువైపు పెట్టి, నీలం చొక్కా.

"అన్నం మెత్తగా పిసికి, గొంతుకి అడ్డం పడకుండా గడ్డం కాస్త కిందికి వంచి పెడతాను" అంటున్నాడు ఆమె భర్త. "రెండు గంటలకోసారి ఒత్తిగిలిస్తాను. అమ్మ తిడుతుంది. తిట్టనీ అనుకుంటాను. తిట్టే ఓపిక ఉందంటే బతికే ఓపిక ఉన్నట్టే కదా."

ఒకావిడ కళ్లు తుడుచుకుంది. చివరి కుర్చీలో ఆమె ముందుకు వంగింది. ఆ మాటలు తనవి. ఒక్కొక్కటీ తనదే. ఆయన కంచంలో కూర వడ్డిస్తూ, ఆయన చూపు టీవీ మీదుండగా, ఎవరితోనో ఒకరితో చెప్పుకోవాలి గనక చెప్పుకున్న మాటలు. ఒక్కనాడూ ఊ కొట్టలేదు. ఈ మనిషికి చెప్పినా గోడకి చెప్పినా ఒకటే అనుకుంది. గోడలకి చెవులుంటాయని విందిగానీ, నోరు కూడా ఉంటుందని ఎవరూ చెప్పలేదే! అంతా విన్నాడు. అక్షరం పొల్లుపోకుండా విన్నాడు. విని కూడా, ఒక్కసారి లేచి తల్లిని ఒత్తిగిలించలేదు.

చప్పుడు కాకుండా వెళ్లిపోదామని లేచింది. అప్పుడే బృందాన్ని నడిపే కౌన్సెలరు అడిగింది, "మడమ మీద పుండు ఎలా ఉందండీ? ఏ కాలికన్నారు?"

ఆయన తడుముకున్నాడు. "ఎడమ... ఎడమ కాలికి. రోజూ కట్టు మారుస్తూనే ఉన్నాను."

"కుడి" అంది ఆమె.

అనాలని అనలేదు. రోజూ ఆ కాలు ఒళ్లో పెట్టుకునే మనిషికి నోరు ఆగలేదు. "కుడి మడమ. ఎడమది మాని నెల దాటింది. కట్టు రోజూ మార్చకూడదు. కొత్త చర్మం ఊడొస్తుందని మీ నర్సమ్మే చీటీ మీద రాసి పంపింది."

పది తలలు ఇటు తిరిగాయి. పదకొండోది అన్నిటికన్నా ఆలస్యంగా తిరిగింది. కత్తివేటుకు నెత్తురు చుక్క లేదు ఆ మొహంలో.

"మీరెవరమ్మా?" అంది కౌన్సెలరు.

"ఈయన భార్యని. పోయి మూడేళ్లయింది."

 ఆమె కౌన్సెలరు బల్ల దగ్గరికి నడిచింది. వారం విశ్రాంతి తాలూకు కాగితం సంతకానికి సిద్ధంగా ఉంది. 'సంరక్షకుల పేరు' అన్నచోట ఆయన పేరు కొట్టేసి, తన పేరు రాసింది.

"సోమవారం పొద్దున్న అత్తగారిని తీసుకొస్తాను. నేను బతికే ఉన్నానని రుజువేమైనా కావాలా మేడం?"

కౌన్సెలరు తల అడ్డంగా ఊపి ఆయనవైపు తిరిగింది. "బతికున్న మనిషిని ఎందుకు చంపారండీ?"

ఆయన నీలం చొక్కా గుండీ తిప్పాడు. తర్వాత భార్యవైపు చూడకుండా చెప్పాడు.

"మొదటిసారి నిజమే చెప్పాను మేడం. బృందంలో చేర్చుకోమని వచ్చినప్పుడు, ఈ బల్ల దగ్గరే. ఇంట్లో ఇంకెవరున్నారని మీరే అడిగారు, భార్య ఉందన్నాను. ఆవిడ ఉందిగా, ఇంక మీకేం ఇబ్బంది అని పెన్ను కింద పెట్టేశారు. మీకు గుర్తుండదు. రెండు వారాలాగి మళ్లీ వచ్చి, పోయిందన్నాను. అందరూ లేచి నాకు కుర్చీ వేశారు. ఆవిడ రోజూ చెప్పేవే చెప్పాను, మీరంతా ఏడ్చారు. అవే మాటలు ఇంట్లో ఆవిడ చెప్తుంటే... నాకు ఏనాడూ ఏడుపు రాలేదు."