విత్తనానికి వదిలిన ఆనపకాయ

విత్తనానికి వదిలిన ఆనపకాయను బంగారమ్మ కోసేసింది, అది తప్పు, అందులో ఇక మాట్లాడుకోవడానికేమీ లేదు అని నేను చెబుతూనే ఉన్నాను గాని మా ఆవిడ వినడం లేదు, నాలుగడుగులు ముందు నడుస్తోంది, చీర మోకాళ్ళ దాకా ఎగ్గట్టి, నెత్తిమీద అటుకుల మూట పెట్టుకుని, రెండు చేతులూ ఊపుకుంటూ. ఆమె పోయి మూడేళ్ళయిందని నాకు తెలుసు. తెలిసినా ఆ సంగతి మా నడకకు అడ్డు రావడం లేదు. పెరటి గుమ్మంలోంచే బయలుదేరి ఉంటాం, ఎందుకంటే మా బీరపందిరి కింద నుంచి తల వంచుకుని నడుస్తున్నాం, కాని పందిరి ఎంతకీ అయిపోవడం లేదు, పచ్చటి బీరపూలు ముందుకు పోయేకొద్దీ కొండచేల వలిసెపూలవుతున్నాయి, కాలికింద తడిమట్టి గులకరాళ్ళవుతోంది, నేల మెల్లగా ఎత్తుకు లేస్తోంది, గాలి చల్లబడుతోంది, తలెత్తి చూస్తే ఇది మాడుగుల దాటాక పాడేరు కొండలెక్కే పాత కాలిదారి.

"ఎవల్ని తిడతన్నావు మావా?" అంటుంది సన్యాసమ్మ వెనక్కి తిరక్కుండానే.

"మీ వదినని."

"ఇంకానా?"

"ఇంకానే."

"నీ నోరు తీగలాంటిది. ఎక్కడ పందిరి దొరికితే అక్కడ పాకిపోద్ది. అంత దూరం తిట్టుకుంటా నడిస్తే ఆయాసం రాదేటి నీకు?"

ఆయాసం నిజంగానే రావడం లేదు. అదొక్కటే నాకు వింతగా ఉంది. ఇరవై రెండేళ్ళు మేమిద్దరం ఈ దారిన నడిచాం. కార్తీకం వెళ్ళాక, వరికోతలు మొదలవకముందు, రైతు చేతికి పని లేని వారం రోజులుంటాయి, ఆ వారంలో. మొక్కు లేదు, తీర్థం లేదు, కొండమీద చుట్టాలెవరూ లేరు. బస్సు ఉండగా కాళ్ళెందుకు అరగదీసుకోవడమని ఊళ్ళో నవ్వేవాళ్ళు. "పోలీసులు తరుముతున్నారేటి నాయుడూ?" అని అడిగేవాడు మంగలి సింహాద్రి. నడవడానికే నడుస్తామంటే ఒక్కడికీ అర్థం కాలేదు. మొదటిరోజు పిక్కలు తిడతాయి, రెండోరోజు అలుగుతాయి, మూడోరోజు పొద్దున్న లేచేసరికి కాళ్ళు మనల్ని అడగకుండానే దారిన పడతాయి. ఆ మూడోరోజు కోసమే మేం ఏడాదంతా బతికేవాళ్ళం. పొగమంచులో ఒకరికొకరం కనపడక, అడుగుల చప్పుడు బట్టి పక్కనున్నామని తెలుసుకుంటూ, ఊట దగ్గర దోసిలి పట్టి నీళ్ళు తాగి, ఎవరింటి అరుగు మీదో కూర్చుని వాళ్ళిచ్చిన చోడి అంబలి తాగి మళ్ళీ లేచేవాళ్ళం.

నేను కొండలు చూసేవాణ్ణి. ఆమె కంచెలు చూసేది. ఏ గూడెం దగ్గరికి వచ్చినా ముందు ఆమె కళ్ళు పెరట్లోకి పోయేవి, ఏ పాదు ఎలా పెట్టారు, దేనికి బూడిద చల్లారు, దేనికి కంప వేశారు అని. నచ్చిన కాయ కనిపిస్తే ఇంటివాళ్ళను పిలిచి నాలుగు గింజలు అడిగేది, తీసుకుని పైటకొంగున ముడి వేసుకునేది. ఒక్కో రకానికి ఒక్కో ముడి. ఇంటికొచ్చేసరికి కొంగంతా ముడులే. కళ్ళు మూసుకుని వేళ్ళతో నొక్కి ఇది చిక్కుడు, ఇది పొట్ల అని చెప్పేది. ఒక్కసారి కూడా తప్పలేదు.

ఇప్పుడూ ఆమె కొంగు నిండా ముడులున్నాయి. నడుస్తూనే ఒక్కోటి విప్పుతోంది, గింజలు దారి పక్కన రాలుతున్నాయి, రాలిన చోటల్లా ఏదో మొలకెత్తి తీగ సాగి పూత పడుతోంది, అది నాకు ఎంతో సహజంగా ఉంది, కాకపోతే ఇన్ని గింజలు దారిపాలు చేస్తోందే అని కడుపు మండుతోంది.

"మన పెరట్లో చల్లొచ్చు గదే," అంటాను.

"మన పెరట్లో ఏటున్నాది ఇప్పుడు?"

"అన్నీ ఉన్నాయి. వంగ, బెండ, గోంగూర. దొండపాదు గోడెక్కింది. రోజూ రెండు పూటలా నీళ్ళు పోస్తున్నాను."

"ఆనప?"

 ఆనపపాదు పెట్టిన చోట మూడేళ్ళుగా ఏమీ వేయలేదు. ఆ కాయ జాతి మామూలుది కాదు. పొట్టిగా, మెడ సన్నగా, లేతాకుపచ్చ మీద తెల్లటి మచ్చలతో ఉండేది, ఉడికితే వెన్నలా కరిగేది. ఈ దారిలోనే మూడో మజిలీ దగ్గర ఒక గూడెం ముసలమ్మ ఇచ్చింది ఆ గింజలు, మా పెళ్ళైన నాలుగో ఏట. అప్పటి నుంచి ఏటా ఒక మంచి కాయ చూసి, దానికి ఎర్రగుడ్డ పీలిక కట్టి, కోయకుండా తీగ మీదే ఎండనిచ్చేది సన్యాసమ్మ. గుడ్డ కట్టిన కాయ జోలికి దేవుడొచ్చి అడిగినా పోకూడదు. మేం కొండమీద ఉన్న వారం రోజులూ మా పెరటికి నీళ్ళు పోసింది ప్రతి ఏడూ బంగారమ్మే. సన్యాసమ్మ అన్న భార్య, పక్క వీధే. గుడ్డపీలిక అంటే ఏమిటో ఈ ఊళ్ళో మా ఇద్దరి తరవాత బాగా తెలిసిన మనిషి ఆమే.

"తెలిసి కోసింది," అంటాను. "తెలియక కోస్తే నేను ఊరుకుందును. నువ్వు పోయిన పదమూడో రోజు, నువ్వు నీ చేత్తో గుడ్డ కట్టిన కాయ, ఇంకా గోరు దిగేంత లేతగా ఉన్న కాయ, తెలిసి తెలిసి కోసింది. గింజ కట్టకముందే కోసింది, పాత గింజ ఒక్కటీ మిగల్లేదు. నీ జాతి తుడిచిపెట్టుకుపోయింది."

"నా జాతా, ఆనపకాయ జాతా?"

"నవ్వకు."

"నవ్వక ఏడవమంటావేటి?" అని ఆమె ఆగుతుంది, మొదటిసారి నా వైపు తిరుగుతుంది. మొహం సరిగ్గా కనపడదు, పొగమంచు ఆమె మొహం దగ్గరే ఎక్కువగా ఉంది, కాని నుదుటిబొట్టు కనపడుతోంది, కొంగు పట్టుకున్న వేళ్ళు కనపడుతున్నాయి. అన్ని ముడులూ విప్పేసింది. ఒక్కటి మిగిలింది.

"అది ఆనపేనా?" అంటాను. నా గొంతు నాకే చిన్నపిల్లాడిదిలా వినిపిస్తుంది.

"ఇప్పుతాను. ముందు నాకు ఓ మాట సెప్పు."

"అడుగు."

"కూర ఎలాగున్నాది?"

నేను పక్కకు చూస్తాను. పక్కన ఆ ముసలమ్మ గుడిసె ఉంది, అదే వెదురు దడి, అదే అలికిన అరుగు, ఎక్కి లోపలికి పోతే అది మా వంటిల్లు. చుట్టాలందరూ వెళ్ళిపోయారు. అలికిన నేల మీద పీట ఉంది, పీట మీద నేను కూర్చుని ఉన్నాను, ఎదురుగా బంగారమ్మ, పొయ్యిసెగకు మొహం ఎర్రబడి, కూరదాక గుడ్డతో పట్టుకుని నిలబడి ఉంది.

"తినన్నియ్యా. ఆరు దినాలైంది నువ్వు మెతుకు ముట్టి. దినాల భోజనం కూడా ఆకులో కలిపి వొదిలీసినావు, నాను సూడలేదనుకున్నావేటి? పాలు పోసి వొండినాను, నీకిష్టమని సన్యాసమ్మ సెప్పీది. కారం ఎయ్యలేదు. ఓ ముద్ద తిను, తరవాత నీ ఇష్టం."

"ఏం కూర?" అని పీటమీదున్న నేను అడుగుతున్నాను.

"తిను ముందు," అంటోంది బంగారమ్మ. గుమ్మం బయటకు చూస్తోంది గాని నా కళ్ళలోకి చూడడం లేదు. "ఇంట్లో ఇంకేటీ లేదన్నియ్యా. పదమూడు దినాలు నీళ్ళు లేక అన్నీ మాడిపోనాయి. సావింట్లో పనికే పొద్దు సాలలేదు నాకు."

ఇదంతా గుమ్మం దగ్గర నిలబడి చూస్తున్నాను, పక్కన సన్యాసమ్మ భుజం నా భుజానికి తగులుతోంది. చల్లగా లేదు, వెచ్చగా లేదు.

"అడిగినాను గదా," అంటుంది చెవి దగ్గర. "ఎలాగున్నాది?"

"దాని సంగతి ఇప్పుడెందుకు?"

"నాలుగు ఈదుల్లో అందరికీ సెప్పినావు అది కోసిందని. రచ్చబండ కాడ సెప్పినావు, ఎరువుల కొట్టు కాడ సెప్పినావు. మా అన్న నీ గుమ్మం తొక్కడం మానీసినాడు. తిన్నది ఎవలో ఒక్కడికైనా సెప్పినావా మావా?"

"నాకు తెలియదు. తినేటప్పుడు అది గుడ్డ కట్టిన కాయని నాకు తెలియదు. మర్నాడు పొద్దున పెంటకుప్ప మీద గుడ్డపీలిక చూశాను."

"నాను అడిగింది అది కాదు."

పీట మీదున్న నేను తింటున్నాను. మొదటి ముద్ద నెమ్మదిగా, రెండోది కొంచెం పెద్దది, తరవాత ఇక ఆగడం లేదు, పాలవాసన, మెంతివాసన, మెత్తటి ముక్క నాలుక మీద కరగడం ఇక్కడ గుమ్మం దగ్గరున్న నాకూ తెలుస్తోంది, నోట్లో నీళ్ళూరుతున్నాయి, పెళ్ళాం పోయిన పదమూడో రోజున ఇంత రుచా అని సిగ్గుతో ఒళ్ళు కాలిపోతోంది, అయినా ఆ చేయి కంచం దగ్గర్నుంచి నోటికి పోతూనే ఉంది. బంగారమ్మ కూరదాక వంచుతోంది. ఆమె కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి, మొహం మాత్రం నవ్వుతోంది. ఆ రోజు ఆ నవ్వు నేను చూడలేదు. కంచంలోకి చూస్తూ తిన్నాను.

"బాగుంది," అంటాను.

"ఎన్నిసార్లు ఒడ్డించుకున్నావు?"

"మూడుసార్లు."

"దాక నాకినావా?"

"నాకాను."

సన్యాసమ్మ మిగిలిన ఆ ఒక్క ముడినీ వేళ్ళతో నొక్కి చూసుకుంటుంది. తరవాత, "బాగున్నాదని దానికి సెప్పినావా?" అంటుంది.

"లేదు."

"తెలిసే కోసింది మావా. నాకు తెలీదేటి? నాను బతికుంటే నానూ అదే సేద్దును. నువ్వు ఎండిపోతా ఉంటే గింజలు దాసుకుని ఏటి సేసుకుంటాది?"

ఆ మాటకు నా దగ్గర జవాబు ఉంది. గుడ్డ కట్టింది నువ్వు, నీ చేతిది అదొక్కటే మిగిలింది, దాన్ని నా కడుపులో వేసి నన్ను దోషిని చేసింది అని చెప్పాలి. నోరు తెరుస్తాను. చెప్పేలోపు వంటిల్లు లేదు, పీట లేదు, మేం మళ్ళీ దారిలో ఉన్నాం, ఎదురుగా ఆ పెద్ద రాతిగుండు. ఈ గుండు దగ్గరికి వచ్చాక ప్రతి ఏడూ నేను వెనక్కి తిరిగేవాణ్ణి. పాదులు ఎండిపోతాయి, పద, అనేవాణ్ణి. గుండుకు అవతల ఒక ఏరు ఉందని, దాని ఒడ్డున ఇసుకలోనే దోసపాదులు కాస్తాయని ముసలమ్మ చెప్పింది. "ఒక్క పూట మావా, సూసొద్దాం" అని ఇరవై రెండేళ్ళు అడిగింది సన్యాసమ్మ. మీ వదిన సరిగ్గా నీళ్ళు పోయదు అని ఇరవై రెండేళ్ళు చెప్పాను. ఆమె సరిగ్గానే పోసేది. ఒక్క ఏడు కూడా ఒక్క మొక్క చావలేదు.

ఇప్పుడు మేం గుండు ఎక్కుతున్నాం. ఎవరూ ఎవరినీ రమ్మని అనలేదు. పొగమంచు విడిపోయింది, ఎండ వచ్చింది, రాయి కాలుతోంది, చెప్పులు ఎక్కడ వదిలానో గుర్తులేదు. పైన నిలబడి ఆమె కొంగున మిగిలిన ముడి విప్పుతుంది. రెండు చేతులూ దోసిలి పడతాను. ముడిలో ఏమీ లేదు. ఏళ్ళ తరబడి ముడిచి ఉన్న గుడ్డకు పడే ముడత మాత్రం ఉంది.

"ఇందులో లేవు మావా. ఆ ముసలమ్మ గూడెంలో ఉంటాయి. ఎల్లి అడుగు."

"నువ్వు లేకుండా నేను నడవను."

"నడవకు. నన్నేటి సెయ్యమంటావు?" ఆమె గొంతులో కోపం లేదు, జాలీ లేదు. పక్కింటి మనిషితో మాట్లాడినట్టు ఉంది. "మూడు దినాల దారి. కాళ్ళు నీవి."

"పెరటికి నీళ్ళెవరు పోస్తారు?"

అడిగాక గాని తెలియలేదు నేనేం అడిగానో. సన్యాసమ్మ నవ్వుతుంది, ఈసారి మొహమంతా కనపడుతుంది, పై పన్ను పక్కన ఉండే చిన్న సందుతో సహా. అటుకుల మూట నా చేతిలో పెట్టి గుండు అవతలి వైపు దిగుతుంది, దిగేటప్పుడు ఎప్పటిలాగే ఎడమకాలు ముందు వేస్తుంది. ఏరు చప్పుడు వినిపిస్తోంది. వెంట దిగుదామంటే అరికాళ్ళు రాయికి అతుక్కుపోయినట్టున్నాయి, కాలుతున్నాయి, ఎత్తలేకపోతున్నాను, "ఉండవే, ఉండు" అని అరుస్తున్నాను, ఆ అరుపు నోట్లోంచి బయటికి రావడం లేదు.

మెలకువ వచ్చింది. మధ్యాహ్నం అన్నం తిని వసారాలో మంచం మీద పడుకున్నవాణ్ణి, మూడు గంటలైనట్టుంది. చూరు నీడ జరిగిపోయి ఎండ మంచం చివరకు వచ్చింది. నా అరికాళ్ళ మీద పడుతోంది. చేత్తో తాకితే రెండూ కాలుతున్నాయి.

కాళ్ళు ముడుచుకుని కాసేపు కూర్చున్నాను. బంగారమ్మ తప్పు చేసిందని మూడేళ్ళు కనపడిన వాడికల్లా చెప్పాను. ఇక చెప్పను. తప్పు చేయలేదని కూడా చెప్పను, అంత పెద్దమనసు నాకు లేదు. కార్తీకం వెళ్ళాక వారం రోజులు ఊళ్ళో ఉండను. ఆ వారం నీళ్ళు పోయమని ఆమె గుమ్మంలోకి వెళ్ళి అడుగుతాను. పోస్తే పోస్తుంది, పొమ్మంటే తిరిగొచ్చేస్తాను. అంతే అడుగుతాను. ఆ కాయ గురించి ఆమె ఎత్తినా, ఆమె మొగుడు ఎత్తినా, ఊరంతా ఎత్తినా, ఆ మాట ఇక నా నోట రాదు.