రంగంటని ప్రోటీన్

"మీ చెల్లెలి చేతికిచ్చాను, ఇక దేవుడి దయ," అని వదిన పొద్దున భర్తతో నవ్వుతూ అన్న మాట మరదలి మనసులో ముల్లులా ఉండిపోయింది. సరదాకే అంది, నిజమే. కానీ ఇంట్లోనూ ఆవిడే పెద్ద, ప్రయోగశాలలోనూ ఆవిడే పెద్ద. రెండు చోట్లా వెక్కిరింతలు పడుతుంటే ఎవరికి మాత్రం ఒళ్ళు మండదు?

చేతికిచ్చింది చిటికెన వేలంత గొట్టం. అందులో అడుగున కొద్దిగా ప్రోటీన్. చలికాలమంతా కూర్చుని కడిగి, వడకట్టి వదిన తీసింది. దానికి ఎర్రరంగు అంటించాలి. రంగుంటేనే అది జబ్బుపడ్డ కణంలో ఎక్కడికి పోతోందో సూక్ష్మదర్శినిలో కనిపిస్తుంది. పాడైతే ఇంకో చలికాలం నీళ్ళపాలే.

మరదలు ఎవరినీ ఏమీ అడగలేదు. అడిగితే లోకువ కదా! రంగు కలిపి, వెలుతురు తగలకుండా కాసేపు ఉంచింది. తర్వాత దాన్ని సన్నటి గాజుగొట్టంలో, తడిపిన చిన్న చిన్న పూసల మీద పోసి, వంటసోడా నీళ్ళతో కిందికి దింపసాగింది. ప్రోటీన్ పెద్దది, పూసల పక్కనుంచి జారి ముందే వచ్చేస్తుంది. అంటకుండా మిగిలిన రంగు పూసల్లో దూరి, తీరిగ్గా వెనక వస్తుంది. కాబట్టి ముందు పడే చుక్కలు ఎర్రగా ఉండాలి.

అవి మంచినీళ్ళలా పడ్డాయి. ఎరుపంతా పైనే కూర్చుంది.

"ఏమే, బొమ్మలా నిలబడ్డావు?" వదిన వెనకనుంచి వచ్చింది.

"రంగు అంటలేదు వదినా. నీ ప్రోటీన్‌ని చంపేశాను."

"చంపడం అంత తేలికా? ఏ నీళ్ళలో కలిపావు?"

"నువ్విచ్చింది ఎలా ఉందో అలాగే, ఆ గొట్టంలోనే కలిపేశాను."

వదిన నుదురు కొట్టుకుంది. "అయ్యో నా తల్లీ! అది ట్రిస్‌లో ఉంది."

ప్రోటీన్ చెడకుండా ట్రిస్ అనే మందు కలిపిన నీళ్ళలో నిలవ ఉంచడం వదిన అలవాటు. రంగు పట్టుకునే కొక్కెం ప్రోటీన్‌కి ఉన్నట్టే ట్రిస్‌కీ ఉంటుంది. పైగా ట్రిస్ అక్కడ తీర్థప్రజలా కిక్కిరిసి ఉంది. వచ్చిన రంగునంతా ఆ గుంపే మింగేసింది.

"ఎందులో ఉందని ఒక్క మాట అడిగితే నీ సొమ్మేం పోయేది? అడగందే అమ్మయినా పెట్టదు."

"అడిగితే ఇంటికెళ్ళి అన్నయ్యతో చెప్పుకుని నవ్వేదానివి."

"నవ్వేదాన్నే," అంది వదిన మెల్లగా. "అయినా ముందే చెప్పకపోవడం నా బుద్ధి తక్కువ. అది మాత్రం మీ అన్నయ్యకి చెప్పకు."

మరదలికి నవ్వొచ్చింది. నవ్వుతూనే ఆగిపోయింది. రంగుని మింగింది ట్రిస్ అయితే, ప్రోటీన్‌కి ఏమైనట్టు? ఏమీ కాలేదు! పైగా పూసల మీదుగా సోడా నీళ్ళలోకి దిగింది, ట్రిస్ వెనకే ఉండిపోయింది. పారబొయ్యబోయిన ఆ రంగులేని చుక్కల్లోంచి ఒకటి, ప్రోటీన్ తగిలితే నీలంగా మారే గోధుమరంగు పరీక్ష మందులో వేసింది. మందు నీలంగా తిరిగింది.

"వదినా, నీ ప్రోటీన్ చచ్చిపోలేదు! శుభ్రంగా స్నానం చేసి వచ్చింది!"

"ఏదీ, ఏదీ?" వదిన కళ్ళద్దాలు పైకి తోసుకుంది. "ఓసి గడుసుదానా! మరి చూస్తావేం? ఫ్రిజ్‌లో రంగు చిటికెడు మిగిలుంది, పట్రా."

ఎక్కువైన నీళ్ళని తగ్గించారు. రంగు కలిపారు. కొత్త పూసలు పోశారు. ఈసారి ఇద్దరూ గొట్టానికి ముక్కులు ఆనించినంత దగ్గరగా కూర్చున్నారు. ఎర్రటి పట్టీ ఒకటి పైనుంచి విడిపోయి, బద్ధకంగా, కిందికి కిందికి దిగింది. మొదటి ఎర్రచుక్క పడగానే వదిన మరదలి భుజం గిల్లింది.

"అబ్బా! నొప్పే వదినా."

"ఓర్చుకో. సూక్ష్మదర్శిని దగ్గరికి దీన్ని నువ్వే తీసుకెళ్ళు."

"నేనా? నువ్వు చూడవా?"

"ముందు నువ్వు చూడు. ఏం కనిపించిందో తర్వాత నేను నిన్నే అడుగుతాను," అంది వదిన.