లెవెల్ కోసం అడిగిన ప్రశ్న

గొప్పలు చెప్పుకోవడం నాకు గిట్టదు కాని, బిలాస్‌పూర్ స్టేషన్లో ఇరవై ఎనిమిదేళ్లు నా గొంతు వినకుండా ఏ బండీ కదల్లేదు. అనౌన్సర్‌ని. ఏ బండి ఎంత ఆలస్యమో, ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో నేనే చెప్పేవాణ్ణి. తర్వాత యంత్రం వచ్చింది. నన్ను ఏదో ఆఫీసులో కాగితాల ముందు కూర్చోబెట్టి, అక్కణ్ణుంచే రిటైర్ చేశారు. యంత్రానికి పొడిదగ్గు కూడా రాదని మా పేట తార్‌బహార్‌లో ఒకాయన నా ఎదుటే మెచ్చుకున్నాడు. ఆయనతో మాటలు మానేశాను.

ఊళ్లోనే మంగ్లా వైపు కొత్తగా పెట్టిన చిన్న రేడియో స్టేషన్ వాళ్లు ఆదివారం పది నిమిషాలు తెలుగువాళ్లకి ఇస్తామన్నారనీ, ముందే ఒకరోజు వచ్చి స్టూడియో చూసి, మాట రికార్డు చేసి వెళ్లమన్నారనీ మా తెలుగు సంఘం కార్యదర్శి రమణబాబు చెప్పాడు. మాట్లాడేది ఎవరన్న చర్చే నేను రానివ్వలేదు. రైలూ మన బతుకూ అంటూ నాలుగు పేజీలు రాసుకున్నాను. ఆదివారం పదకొండింటికి వినమని పేటంతా తిరిగి చెప్పాను. ఆ గొంతు ఇంకా ఉందని అందరికీ తెలియాలి, అంతే నా కోరిక. నీళ్ల సీసా పట్టుకుని రమ్మని మా ఆవిడ చిన్నతల్లిని కూడా వెంటబెట్టుకెళ్లాను.

స్టూడియో చూపించింది తనూజ అనే అమ్మాయి. రైల్వే వాళ్ల పిల్లే. తెలుగు మాట్లాడుతుంది, చదవడం రాదు. ట్రాన్స్‌మిటర్ అంటే ఇంజనంత ఉంటుందనుకున్నాను, మా బీరువాలో సగం కూడా లేదు. స్టూడియో గది గోడల నిండా స్పాంజి. మిక్సర్ అనే బల్ల మీద వరసగా మీటలు. ఒక్కో మీట పైకి తోస్తే ఒక్కో గొంతు పెరుగుతుంది. మా రోజుల్లో ఒక్క మైకుతో స్టేషనంతా నడిపామని చెప్పాను. "అచ్ఛా" అంది ఆ పిల్ల. ఆ అచ్ఛాలో గౌరవం ఎంతుందో తేల్చుకోలేకపోయాను.

రికార్డింగ్ ముందు గొంతు సవరించుకుందామని వేడినీళ్లు వెతుక్కుంటూ బయటికి వెళ్లాను. ఈలోగా లెవెల్ చూసుకోవాలట, అంటే మైకులో గొంతు ఎంత పెంచాలో, ఎంత తగ్గించాలో. దానికి ఎవరో ఒకరు కాసేపు మాట్లాడాలి. తనూజ మా ఆవిణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి, పొద్దున్న ఏం తిన్నారని అడిగిందట. ఎవరినైనా అదే అడుగుతారట, జవాబుతో పనిలేదట. నేను తిరిగొచ్చి తలుపు అద్దంలోంచి చూస్తే చిన్నతల్లి ఇంకా మాట్లాడుతూనే ఉంది. తనూజ మీటల మీంచి చెయ్యి తీసేసి వింటోంది. మాట బయటికి వినపడదు. ఇంతసేపు లెవెలేమిటని విసుక్కుని, లోపలికి వెళ్లి ఆవిణ్ణి లేపేశాను.

నేను చదవడం మాత్రం దివ్యంగా సాగింది. ప్లాట్‌ఫారం మీదైతే ఒక మాట అనేసి, అది అవతలి చివర తగిలి తిరిగొచ్చేదాకా ఆగి, అప్పుడు రెండోది అనాలి. ఆ స్పాంజి గదిలో ఏదీ తిరిగి రాదు. అయినా అలవాటు కొద్దీ ఆగాను. అయిపోయిందా అంకుల్ అని తనూజ మూడుసార్లు అడిగింది.

శనివారం ఆ పిల్ల చిన్నతల్లికి ఫోన్ చేసి ఏదో అడిగింది. మీ ఇష్టమమ్మా అని ఈవిడ పెట్టేసింది. నేను పట్టించుకోలేదు.

ఆదివారం మా ముందుగది నిండిపోయింది. రేడియోలో తనూజ నా పేరు చెప్పగానే అందరి వంకా ఓసారి చూశాను. ఆ తర్వాత, "గారి భార్య చిన్నతల్లిగారు" అంది.

"పొద్దున్న ఏటి తిన్నానా? ఇంకా ఏటీ తిన్నేదమ్మా. ఈయనకి ఉప్మా సేసినాను. అడుగున మాడింది ఉంది, ఇంటికి ఎల్లేక తింటాను. నా తిండికేటిలే. ఈయన నైట్ డూటీకి ఎల్తే నాను రేత్రి తినీదాన్ని కాదు. పొద్దున్న వొచ్చేక ఇద్దరం తిందుమని కూకునీదాన్ని. ఈయన స్టేషన్ కాడే పూరీలు తినీసి వొచ్చి పడుకునీవోరు. సెప్తే ఆ పూరీలు మానేస్తారని సెప్పనేదు. పదిహేనేళ్లు అలాగే ఎల్లిపోనాది." మధ్యలో ఓసారి నవ్వింది కూడా.

గదిలో ఎవరూ నా వంక చూడలేదు. చివర నా నాలుగు పేజీల్లోంచి ఒక్క వాక్యం వేశారు. అది స్టేషన్ యంత్రం గొంతనుకున్నానని ఒకాయన తర్వాత ఒప్పుకున్నాడు.

అందరూ వెళ్లిపోయాక నాకు సిగ్గేసింది, కోపమూ వచ్చింది. ఎవరి మీద చూపించాలో తోచక ఆవిడ మీదే చూపించాను.

"ఇన్నేళ్లలో ఒక్కపాలైనా నాకు సెప్పనేదేటే?"

చిన్నతల్లి టీ గ్లాసులు ఏరుతోంది. తలెత్తలేదు.

"ఆ పిల్ల అడిగింది," అంది. "సెప్పినాను."