హరికథ బండి కింది మురుగు ట్యాంకు

నేను ఒక మురుగు ట్యాంకును. అప్పుడే ముక్కు మూసుకోకండి, మీరనుకున్నంత చెడ్డదాన్నేం కాను. హైదరాబాదు శివార్లలో ఒక రేకుల షెడ్డులో నల్లటి ప్లాస్టిక్‌తో నన్ను తయారుచేసి, ఒక క్యారవాన్ అడుగున బోల్టులతో బిగించారు. ఆ బండిలో మేం ముగ్గురం. మంచినీళ్ళ ట్యాంకు ఒకటి, సింకు నీళ్ళు పట్టే ట్యాంకు ఒకటి, మరుగుదొడ్డి భారమంతా మోసేదాన్ని నేను. మొదట సినిమావాళ్ళ దగ్గర ఉన్నాను. అక్కడ అద్దం చుట్టూ ఉండే దీపాలను రోజూ తుడిచేవారు గాని, నా ఊసు ఎవరూ ఎత్తేవారు కాదు. మనుషుల మర్యాదే అంత! అవసరం నాతో, ముచ్చట్లు అద్దంతో.

ఎనిమిదేళ్ళకు బండి పాతబడితే కాకినాడ నుంచి విశ్వపతి గారు వచ్చి కొన్నారు. ఆయన మృదంగం వాయిస్తారు. ఆయన భార్య హైమావతి గారు హరికథలు చెబుతారు. ఆమె గజ్జె కట్టి చిడతలు పట్టారంటే జనం కూర్చున్నచోటు నుంచి కదిలేవారు కాదట. అయితే పందిరి వేసిన ఊళ్ళో ఆడమనిషికి మరుగు ఎక్కడ దొరుకుతుంది? అందుకని ఇరవై ఏళ్ళుగా కథ ఉన్న రోజున ఆమె పొద్దుటి నుంచీ గుక్కెడు నీళ్ళు ముట్టేవారు కాదు. చివరికి మూత్రపిండాలు మొరాయించాయి. నీళ్ళన్నా తాగండి, కథలన్నా మానండి అని డాక్టరమ్మ తేల్చి చెప్పేసింది. కథ మానడం హైమావతి గారి వల్ల అయ్యే పని కాదు. అందుకే ఈ బండి. అద్దం కోసం కాకుండా నా కోసం బండి కొన్న మనిషిని అప్పుడే మొదటిసారి చూశాను, పొంగిపోయాను.

విశ్వపతి గారికి శుభ్రమంటే ప్రాణం. ఆ శుభ్రమే కొంప ముంచింది. మకాం వేసిన ప్రతిచోటా కూలివాడి చేత గుంత తవ్వించి, నా గొట్టం అందులో పెట్టించి, వాల్వు బార్లా తెరిపించేవారు. ఎప్పటిదప్పుడు పోతే మంచిదని ఆయన నమ్మకం. పైగా పొద్దునా సాయంత్రం ఫినాయిలు. నీళ్ళు మోసుకురావడం కష్టమని చెంబుడుతో సరిపెట్టుకోమనేవారు. ఏం చెప్పను నా బాధ! నీళ్ళన్నీ జారిపోయేవి, జారనిదంతా నా అడుగున గట్టిపడి కూర్చునేది. దాన్ని కరిగించడానికి నాలో కంటికి కనిపించని జీవాలు కొన్ని ఉంటాయి. వాటిని ఫినాయిలు చంపేసింది. కంపు మొదలైంది. కంపు కొడుతోందని ఆయన మరో సీసా పోశారు. నేనెంత నిండానో చెప్పే దీపం ఒకటి బండి లోపల ఉంటుంది. నా గోడలకు పట్టిన అట్టు వల్ల దానికీ మతి పోయి, ఎప్పుడు చూసినా ఎర్రగానే వెలిగేది.

"ఏవండీ, నిండిపోయిందని చూపిస్తోందండీ," అనేవారు హైమావతి గారు.

"గుంతలోకి పోతూనే ఉందిగా హైమా! రేపు చూద్దాంలే."

ఆ రేపు రాలేదు. ఆమె మళ్ళీ పాత అలవాటులో పడ్డారు. ఆ సంగతి ఆయనకు తెలియదు, నాకు తెలుసు. ఆయన గ్లాసుతో నీళ్ళిచ్చి అటు వెళ్ళగానే ఆమె సింకులో ఒంపేసేవారు. పక్క ట్యాంకులోకి మంచినీళ్ళు దిగే చప్పుడు నాకు వినిపించేది. నాలోకి చుక్క రాదు. తాగు తల్లీ, మొయ్యడానికి నేను లేనూ అని అరవాలనిపించేది.

ఉప్పాడ దగ్గర కథ సగంలో ఆమె గొంతు ఆగిపోయింది. చలిజ్వరం, ఒళ్ళంతా వణుకు. మూడు రోజులు ఆస్పత్రిలో సెలైను పెట్టారు. నాలుగో రోజున విశ్వపతి గారు సెప్టిక్ లారీ నడిపే లోవరాజును వెంటబెట్టుకుని వచ్చారు.

"వాసనకు సిగ్గుపడి హైమ నీళ్ళు పారబోసిందట. దాని కోసం కొన్న బండిని దానికే పనికిరాకుండా చేశాను లోవరాజూ!" అన్నారు.

లోవరాజు బండి కిందికి దూరి నన్ను వేలితో కొట్టి చూశాడు. "వాల్వు ఎప్పుడూ తెరిచే ఉంచుతారాండి?"

"శుభ్రంగా ఉంటుందని..."

"అయ్యబాబోయ్! నీళ్ళెళ్ళిపోతే మిగిలింది దేంతో కదులుద్దండి? మూసెయ్యండి. నీళ్ళు దండిగా పొయ్యండి. ముప్పాతిక నిండాక ఒక్కసారి తెరిస్తే మొత్తం ఊడ్చుకుపోద్ది. ఫినాయిలు జోలికెళ్ళకండి. గుంతల్లో అసలొదలకండి, పక్కనే జనాల బోరింగులుంటాయి. మా లారీకి ఫోన్ కొట్టండి."

రేవు నుంచి చేపలకు వేసే ఐసు తెప్పించి, పగలగొట్టి, నీళ్ళతో పాటు నాలోకి వేశాడు. వాల్వు మూసి, గతుకుల రోడ్డు మీద తిప్పుకు రమ్మన్నాడు. గతుకులకేం కొరత మన దగ్గర! ఐసు ముక్కలు నాలో దరువు వేస్తుంటే నాకు చక్కిలిగింతలు. మూడు విడతల్లో అట్టంతా ఊడింది. లారీ గొట్టం తగిలించి లోవరాజు వాల్వు మీద చెయ్యి వేయబోతే, "ఆగు, నేను తీస్తాను," అని విశ్వపతి గారు తొడుగులు వేసుకుని నేలమీద మోకరిల్లారు. ఆయన చెయ్యి నా మీద పడటం అదే మొదలు.

రెండు నెలలకు ఆమె కోలుకున్నారు. పిఠాపురం దగ్గర ఒక ఊళ్ళో మళ్ళీ కథ ఒప్పుకున్నారు. సాయంత్రం అయిదింటికే ఆడవాళ్ళు చాపలు పరుచుకున్నారు. హైమావతి గారు బండి మెట్ల మీద నిలబడి నీళ్ళు తాగుతుంటే ఒక ముసలమ్మ దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది.

"అమ్మా, లోపల దొడ్డుందంట గదా? కథ మధ్యలో లేవాల్సొస్తాదని పొద్దుట్నించి నీళ్ళు తాగలేదమ్మా. అయినా ఆగట్లేదు."

హైమావతి గారు తలుపు తీశారు. ముసలమ్మ వెనకే మరొకామె లేచింది, ఆమె వెనక ఇంకో ఇద్దరు. కాసేపటికి వరస పందిరి దాకా సాగింది. అంతమందిని ఒకేసారి చూడటం నాకూ కొత్తే. హైమావతి గారు ఆ వరసను చూసి భర్త వైపు తిరిగారు.

"ఇన్నేళ్ళూ నేనొక్కదాన్నే ఆపుకుంటున్నాననుకున్నానండీ. వీళ్ళంతా కూడా అలాగే కూర్చుని నా కథ విన్నారు," అన్నారు.

విశ్వపతి గారు మృదంగం పక్కన పెట్టి, రెండు బిందెలు తీసుకుని బోరింగు వైపు నడిచారు.