ఫ్లాస్కు మూత

“దారిలో చల్లారిపోతే? టైరు పేలితే? నేనే ట్రక్కుతో సహా కాలవలోకి దొర్లితే?”

ఆర్డిస్ తాళంచెవి పట్టుకుని ఇంకా వాకిట్లోనే నిలబడి ఉంది.

“ముందు బయల్దేరవే తల్లీ. దొర్లేది తర్వాత దొర్లుదువుగానీ,” అన్నాడు మొగుడు ఎల్డన్, కళ్లు తుడుచుకుంటూనే.

పొద్దున పాలు పితికాక వాళ్ల ఆవు బటన్ గడ్డకట్టిన మంచు మీద జారి పడింది. తుంటి విరిగింది. ఇక లేవదని పశువుల డాక్టరు ప్రాణం పోయేలా సూదేసి దాని బాధ తీర్చాడు. తొమ్మిదేళ్ల ఆవు. ఆర్డిస్ పుట్టింటి నుంచి తెచ్చుకున్న ఆవు సంతతిలో మిగిలింది అదొక్కటే. ఆరు ఈతలు ఈనితే ఆరూ కోడెదూడలే. ఒక్క పెయ్యదూడైనా దక్కాలంటే ఇక ఒకటే దారి. డాక్టరు దాని అండాశయాలు రెండూ తీసి, గోరువెచ్చటి ఉప్పునీళ్ల ఫ్లాస్కులో వేసిచ్చాడు. గంటన్నర దూరంలో, ఆవు పిండాలు తయారుచేసే ల్యాబులో కూతురు బ్రిటా పనిచేస్తుంది. “మూత మాత్రం తియ్యకమ్మా, వేడి పోతే అన్నీ పోతాయి,” అని ఫోనులో మూడుసార్లు చెప్పింది.

దారిలో ఆర్డిస్ నాలుగుసార్లు తీసింది. వేడుందో లేదో చూడకుండా ఎలా ఉండడం? పసిదాన్ని ఊపిరాడుతోందా లేదా అని ముక్కు దగ్గర వేలు పెట్టి పెట్టి నిద్ర లేపేసిన మనిషి ఆవిడ.

ల్యాబులో బ్రిటా సూదితో అండాలు లాగి గాజుపళ్లెంలో వేసింది. ఇరవయ్యారు. సూక్ష్మదర్శినిలో చూడమని తల్లిని పిలిచింది.

“ఇవి బటన్ వాళ్లమ్మ కడుపులో ఉన్నప్పుడే తయారయ్యాయమ్మా. రెండుగా విడిపోవడం మొదలుపెట్టి, సగంలో ఆగిపోయాయి. అప్పట్నుంచీ అలాగే.”

“ఎవరాపారు?”

“చుట్టూ అంటుకున్న కణాలు. ఇప్పుడు కాదు, ఇప్పుడు కాదు అని చెబుతూనే ఉంటాయి. అండాశయంలో అవి ఉండే తిత్తిలోంచి బయటికి తీస్తే చాలు, ఆగిన చోటి నుంచి మళ్లీ కదులుతాయి. రేపీపాటికి తెలుస్తుంది.”

“పాపం, నాలాంటివన్నమాట.”

“నీలాంటివైతే బయటికి తీశాక కూడా వెంటపడి ఆపేవి.”

ఆర్డిస్‌కి నవ్వు రాలేదు. ఆ పూట కూతురింట్లో బంగాళాదుంపల కూర ముందు పెట్టుకుని చెంచాతో కెలుకుతూ కూర్చుంది. తొమ్మిదేళ్లు! ఎన్ని మంచుతుపాన్లు, ఎన్ని ఈతలు, కొట్టం కప్పు ఎగిరిపోయిన గాలివాన ఒకటి. అన్నింటిలోనూ ఆవు కదిలింది, తిన్నది, ఈనింది. లోపల ఆ ఇసుకరేణువంత లేని ప్రాణం ఎత్తిన అడుగు ఎత్తినట్టే పట్టుకుని ఉంది. తనకి పాలు కాగేదాకా నిలబడే ఓపిక లేదు. అంత ఓర్పునీ మూత తీసి తనే చంపేసిందేమో!

మర్నాడు బ్రిటా మచ్చుకి పది అండాలు వేరుచేసి, వాటికంటుకున్న కణాలు దులిపి, సూక్ష్మదర్శిని మీదికి వంగింది. కదిలిన అండం పక్కన చిన్న బుడగ కనిపిస్తుందట. ఒక్కదానికీ లేకపోతే బటన్ కథ అంతటితో సరి.

“బ్రిటా, మూత తీశానే,” అంది ఆర్డిస్ వెనకనుంచి. “ఒకసారి కాదు, నాలుగుసార్లు. నిన్న చెప్పడానికి నోరు రాలేదు.”

బ్రిటా వేళ్లు పళ్లేన్ని వెంట్రుకవాసి జరుపుతున్నాయి. అండాల్ని వెచ్చగా ఉంచే పెట్టె గుర్రుమంటోంది. తిట్టినా బాగుండును. ఆర్డిస్ కోటు గుండీ పెట్టింది, తీసింది, మళ్లీ పెట్టింది. బయట పాలలారీ ఒకటి వచ్చి, మలుపు తిరిగి, వెళ్లిపోయింది కూడా.

“ఏడు,” అంది బ్రిటా చివరికి, కన్ను తియ్యకుండానే. “పదింటిలో ఏడు కదిలాయమ్మా. చెయ్యాల్సినంతా చేసి, మళ్లీ ఆగాయి. ఈసారి మగబీజం కోసం.”