తొమ్మిదిసార్లు అమ్ముడైన గుమ్మడికాయ

మా యూనివర్సిటీ పేరు చెప్పను. చెబితే మీకు నవ్వొస్తుంది, నాకు మెమో వస్తుంది. తెనాలి నుంచి రేపల్లె వెళ్లే దారిలో, పొలాల మధ్య ఉంటుందని మాత్రం తెలుసుకోండి. అక్కడి ఫైనాన్సు సెక్షన్‌లో ఇరవై ఎనిమిదేళ్లుగా పనిచేస్తున్నాను. పేరు దేవకుమారి, ఊరు కొలకలూరు, హోదా సూపరింటెండెంటు, రిటైర్మెంటు ఇంకో పద్నాలుగు నెలలు. నాకు నోరు పెద్దదని సెక్షన్‌లో అందరూ అంటారు. ఇన్నేళ్లు యూనివర్సిటీ లెక్కలు చూసిన మనిషికి నోరు కాక ఇంకేం పెరుగుతుంది, జీతమా?

ఈ జనవరిలో ప్రభుత్వం వారికి మా మీద ఉన్నట్టుండి ప్రేమ పుట్టుకొచ్చింది. యూనివర్సిటీలు ఎన్నాళ్లని గ్రాంటు కోసం చెయ్యి చాస్తాయి, తమ కాళ్ల మీద తాము నిలబడొద్దా అని ఉత్తర్వు ఇచ్చారు. ఖాళీ పోస్టులు నింపరు, ఇస్తామన్న గ్రాంటులో సగమే ఇస్తారు, ఆ సగమూ పెన్షన్లకే చాలదు. కాళ్లు విరగ్గొట్టి నిలబడమంటే ఎలాగండీ? పైగా మేం నిలబడ్డామో లేదో చూడటానికి ఒక పోర్టల్ పెట్టారు, ఒక పర్యవేక్షణ కమిటీ వేశారు. పోర్టల్‌లో ‘సొంత ఉత్పత్తుల అమ్మకం’ అని ఒక గడి ఉంది. అందులో సున్నా ఉంటే యూనివర్సిటీకి ఎర్ర రంగు పడుతుంది. ఎర్ర రంగు పడితే అత్యవసరం కాని ఖర్చులన్నీ ఆపేస్తారు. ఆ జాబితాలో మొట్టమొదటిది అమ్మాయిల హాస్టల్. కమిటీ వారి కార్ల అద్దె ఆ జాబితాలో లేదు. నేను రెండుసార్లు వెతికాను.

హాస్టల్‌లో అరవై రెండు మంది ఉన్నారు. వాళ్లలో ఒకమ్మాయి పేరు పాప. ముద్దుపేరు కాదు, రికార్డుల్లో కూడా పాపే. ఎమ్మెస్సీ మొదటి ఏడాది. రేపల్లె దాటి, నిజాంపట్నం అవతల సముద్రం ఒడ్డున వాళ్ల పల్లె. తండ్రి సింగరయ్య పడవ మీద వేటకు వెళతాడు, తల్లి పున్నమ్మ చేపల గంప ఎత్తుతుంది. ఇంటి నుంచి రోజూ వచ్చిపోవాలంటే ఒక ఆటో, రెండు బస్సులు, రానూ పోనూ ఐదు గంటలు. హాస్టల్ ఉంటే ఆ పిల్లకు చదువు ఉంటుంది, లేకపోతే ఉండదు. ఫీజు కట్టడానికి మొదటిసారి మా కౌంటర్‌కి వచ్చినప్పుడు, “అభివృద్ధి రుసుము అంటే ఏంటండీ, ఏం అభివృద్ధి చేశారు?” అని అడిగింది. ఇరవై ఎనిమిదేళ్లలో ఎవరూ అడగని ప్రశ్న. ఆ రోజు నుంచి ఆ పిల్లంటే నాకు ప్రాణం.

రిజిస్ట్రార్ చలపతిరావు గారు మీటింగు పెట్టారు.

“దేవకుమారి గారూ, అసలు మనం ఏం ఉత్పత్తి చేస్తున్నామండి?”

“మెమోలండి,” అన్నాను.

ఆయన నవ్వలేదు. “పది రోజుల్లో కమిటీ వస్తుందండి. ఆ గడిలో ఏదో ఒకటి పడాలి. లేకపోతే హాస్టల్ పిల్లల్ని నేనే ఇళ్లకు పంపాల్సొస్తుంది.”

హాస్టల్ వెనక అరెకరం ఖాళీ స్థలం ఉంది. వంటింట్లో గిన్నెలు కడిగిన నీళ్లు అటే పోతాయి. అక్కడ పాప హాస్టల్‌లో చేరిన కొత్తలోనే గుమ్మడి గింజలు నాటింది. పాదు విరగబడి పాకింది గానీ, కోతులు వదిలిపెట్టింది ఒక్క కాయనే. ఆ ఒక్కటీ పద్దెనిమిది కిలోలు తూగింది. దాన్ని చూడగానే నాకు మా చర్చి గుర్తొచ్చింది.

మా లూథరన్ చర్చిల్లో కోత పండుగ చేస్తాం. ఇంట్లో పండినవి, పెంచినవి తెచ్చి కానుకగా పెడతాం, అక్కడే వేలం వేస్తాం. నిమ్మకాయ నూట పదహార్లకు పోతుంది. పాడుకున్నవాడు డబ్బు కట్టి, వస్తువు మళ్లీ బల్ల మీదే పెట్టేస్తాడు. దాన్నే మళ్లీ వేలం వేస్తారు. అది ధర కాదు, భక్తి. ఆ తేడా మా ఊళ్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు.

ఆదివారం మధ్యాహ్నం హాస్టల్ ముందు టేబుల్ వేసి గుమ్మడికాయ పెట్టాం. కొలకలూరు, కొల్లిపర, తెనాలి నుంచి మా పాత విద్యార్థులు, రిటైరైన టీచర్లు వచ్చారు. హాస్టల్ నిలబడాలంటే పాడండి బాబూ అని నేనే గొంతెత్తి అరిచాను. కొల్లిపర బాలస్వామి మాస్టారు మూడు వేల దగ్గర మొదలెట్టి, “ఆడపిల్లల హాస్టల్‌కి నా పెన్షన్ లోంచి!” అని ఐదు వేలకు పాడి, కాయని మళ్లీ టేబుల్ మీద పెట్టేశారు. ఇంకొకాయన లేచాడు. అలా అదే కాయని తొమ్మిదిసార్లు పాడారు. నలభై ఎనిమిది వేల ఆరు వందలు వచ్చాయి. ఆఖర్న పాడినాయన కాయని పిల్లలకే ఇచ్చేశాడు. మర్నాడు హాస్టల్‌లో దాంతోనే పులుసు. ఆనందం పట్టలేక నేను కూడా ఒక గంటె పోయించుకున్నాను.

సోమవారం పోర్టల్ తెరిచాను. కానుక అని రాయడానికి గడి లేదు. విరాళం అని ఉంది గానీ, విరాళాలు సొంత ఆదాయం కింద లెక్కలోకి రావట. “అమ్మకం కింద వేసేయండి,” అన్నారు చలపతిరావు గారు. వేశాను. అమ్మిన కాయలు ఎన్ని అని పోర్టల్ అడిగింది. నాకు పుట్టుకతో వచ్చిన రోగం ఒకటుంది, దాన్ని నిజాయితీ అంటారు. ఒకటి అని రాశాను. తొమ్మిది అని రాసినా బతికిపోయేవాళ్లం. పచ్చ రంగు వచ్చింది. సెక్షన్ మొత్తానికి నా డబ్బుతో టీ ఇప్పించాను.

కమిటీ వచ్చింది. ముగ్గురు మనుషులు, మూడు కార్లు. కమిటీ అధ్యక్షుడు రమేష్ బాబు గారు ఉపాహారం ముగించి, మా వివరాలు చూసి, ఫోన్ తీసి లెక్క కట్టడం మొదలెట్టారు.

“కాయకి నలభై ఎనిమిది వేల ఆరు వందలు. అరెకరంలో ఎన్ని కాయలు కాస్తాయండి?”

“నాలుగు వందలు కాయొచ్చండి,” అన్నారు చలపతిరావు గారు. ఆయన జన్మలో పాదుకి నీళ్లు పోసిన పాపాన పోలేదు.

“ఏడాదికి రెండు పంటలు. మూడు కోట్ల ఎనభై ఎనిమిది లక్షల ఎనభై వేలు. బాగుందే! ఏ విత్తనమండి?”

“దేశవాళీ అండి,” అన్నారు చలపతిరావు గారే.

నేను అడ్డుపడ్డాను. “సార్, అదేదో రకం కాదండి. ఒకే కాయని తొమ్మిదిసార్లు...” అంటుండగా చలపతిరావు గారు పెద్దగా దగ్గి, “మేడం గారికి ఒంట్లో బాలేదండి,” అన్నారు. రమేష్ బాబు గారు తల ఎత్తలేదు. సన్నగా నవ్వి, అంకె రాసుకున్నారు.

పది రోజులకు ఉత్తర్వు వచ్చింది. మా యూనివర్సిటీ ఆర్థికంగా స్వయం సమృద్ధమట. అభినందనలట. ఏటా దాదాపు నాలుగు కోట్ల ఆదాయం ఉన్న సంస్థకు హాస్టల్ గ్రాంటు ఇవ్వడం ప్రజాధనం వృథా చేయడమే కాబట్టి ఈ నెలాఖరుతో ఆపేస్తున్నారట. ఖాళీ అయిన హాస్టల్‌ని గుమ్మడికాయల గోదాముగా వాడుకోవాలని సూచన కూడా చేశారు. ఎర్ర రంగు వస్తే చేతగానివాళ్లని ఆపుతారు, పచ్చ రంగు వస్తే చేతనైనవాళ్లని ఆపుతారు. ఓరి దేవుడా, మరి ఇచ్చేది ఎవరికి?

చలపతిరావు గారు ఉత్తర్వుని ఫైల్లో పెట్టించారు. నాకు ఒళ్లు మండిపోయింది. కమిటీ వారు బాపట్ల బీచ్ దగ్గర గెస్టుహౌసులో కూర్చుని అన్ని యూనివర్సిటీల మీదా చివరి నివేదిక రాస్తున్నారని తెలిసి, సెలవు పెట్టి అక్కడికే పోయాను. పొదుపు గురించి రాయాలంటే సముద్రపు గాలి తగలాలి కాబోలు. రమేష్ బాబు గారు వరండాలో చేపల వేపుడు తింటున్నారు.

ఉన్నదున్నట్టు చెప్పాను. కాయ ఒక్కటే, పాటలు తొమ్మిది, ఆ డబ్బు కానుక, రాసింది నేను, తప్పు నాది. నిజాంపట్నం అవతల నుంచి ఒక పిల్ల ఈ హాస్టల్ మీదే చదువుకుంటోందని కూడా చెప్పాను.

ఆయన చెయ్యి తుడుచుకున్నారు. “తెలుసమ్మా.”

“ఏంటండీ తెలిసేది?”

“మా అమ్మమ్మది చుండూరు. కోత పండక్కి ఆవిడ తెచ్చిన కోడిపుంజుని పదకొండుసార్లు పాడారు. నేను చిన్నప్పుడు ఆ పుంజుని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. మీ కాగితంలో కాయ ఒకటి అని చూడగానే అర్థమైపోయింది.”

“తెలిసే రాశారా?”

“మార్చిలోపు ఐదు యూనివర్సిటీలు స్వయం సమృద్ధం అయ్యాయని మేం పైకి చూపించాలమ్మా. నాలుగు దొరికాయి. ఐదోది మీది.” ఆయన గొంతులో కోపం లేదు, సిగ్గూ లేదు. “సరే, దిద్దమంటారా? దిద్దితే తప్పుడు సమాచారం ఇచ్చినట్టు అవుద్ది. విచారణ వేస్తారు. రిజిస్ట్రార్ గారు సస్పెండు. ఎంట్రీ మీ లాగిన్ నుంచి పడింది కాబట్టి మీ పెన్షన్ ఆగుద్ది. ఇంతా చేస్తే మీకు మళ్లీ ఎర్ర రంగే, అప్పుడు కూడా హాస్టల్ ఉండదు. చెప్పండి, దిద్దేదా?”

అంత దూరం నుంచి ఆయన్ని కడిగేద్దామని పోయాను. నా పెద్ద నోరు పెగల్లేదు. పద్నాలుగు నెలలు, పెన్షన్, మా ఆయన మందుల చీటీ, అన్నీ కళ్ల ముందు తిరిగాయి. “ఒక ముక్క తీసుకోండమ్మా, పొద్దున పట్టిన చేపే,” అన్నారాయన. వద్దండి అన్నాను. బస్సెక్కి వచ్చేశాను. తెనాలి చేరేదాకా నన్ను నేను తిట్టుకుంటూనే ఉన్నాను.

నెలాఖరున హాస్టల్ పిల్లలు వరసగా మా కౌంటర్‌కి వచ్చారు. కొందరు తెనాలిలో గదులు చూసుకున్నారు. చదువు మానేసేవాళ్లు ఒక ఫారం నింపాలి. పాప నింపుతోంది. బయట సింగరయ్య ఆమె పెట్టె పట్టుకుని, చెప్పులు మెట్ల కిందే విడిచి నిలబడ్డాడు.

“మేడం, మానేయడానికి కారణం అని ఉందండి. హాస్టల్ తీసేశారని రాయొచ్చాండి?”

“అలా రాస్తే పోర్టల్ తీసుకోదమ్మా. అనారోగ్యం, పెళ్లి, ఉద్యోగం. ఆ మూడే ఉన్నాయి. ఏదో ఒకటి టిక్కు పెట్టాలి.”

ఆ పిల్ల ఫారం వంక చూసింది, నా వంక చూసింది. నేను తల దించుకుని రబ్బరు స్టాంపు వెతుకుతున్నట్టు నటించాను. అది నా చేతిలోనే ఉంది.

“నాకు రోగం లేదు, ఉద్యోగం లేదండి. పెళ్లని పెడతాలెండి,” అంది పాప.

“సంబంధం ఏమన్నా చూశారా అమ్మా?”

“ఇంకా లేదండి. చదువు మానేసి ఇంటికెళ్తే ఇంక చూస్తారు కదండీ.”

టిక్కు పెట్టి, కింద సంతకం చేసి ఫారం నా ముందుకు తోసింది. నేను స్టాంపు వేశాను.