గోడ పక్కన ఇద్దరు

“బలహీనత ఏమిటని తప్పకుండా అడుగుతారు. అప్పుడు నువ్వు, ‘పని మొదలుపెడితే నేను ఒళ్ళు మరిచిపోతానండీ, అదే నా బలహీనత’ అనాలి. అర్థమైందా?” అన్నాడు భర్త, గుమ్మానికి ఆనుకుని ఫోన్లో చూసి చదువుతూ.

ఆ సమయానికి ఆమె ఒక మోకాలు మంచం మీద ఆనించి, అత్తగారి చంకల కింద చేతులు దూర్చి, ఆవిడని దిండు మీదికి లాగుతోంది. పక్షవాతం వచ్చి ఆరేళ్ళయింది. అత్తగారికి ఎడమ కాలూ చెయ్యీ ఆడవు, మాట ముద్దముద్దగా ఆగి ఆగి వస్తుంది. తడిసిన దుప్పటి తీసి, ఒళ్ళు తుడిచి, పొడి దుప్పటి పరుస్తూనే ఆమె ఆ వాక్యం అప్పజెప్పింది.

“కొంచెం నవ్వుతూ చెప్పు,” అన్నాడు.

నవ్వుతూ చెప్పింది. ఆ మాటకొస్తే ఆ రోజు ఆమెకి నవ్వు ఆపుకోవడమే కష్టంగా ఉంది. ముప్పై ఎనిమిదేళ్ళ వయసులో, ఆరేళ్ళ తర్వాత, నర్సు ఉద్యోగానికి ఇంటర్వ్యూ! తెల్లవారుజామునే లేచి ఇస్త్రీ చేసుకున్న బట్టల్ని మూడుసార్లు తడిమి చూసుకుంది. ఇంకో రెండేళ్ళు పోతే తనని పిలిచేవాళ్ళు ఉండరని ఆమెకి తెలుసు. అందుకే ఎవరికీ చెప్పకుండా దరఖాస్తు పంపింది, పిలుపొచ్చాకే నోరు విప్పింది. “సరదాగా వెళ్ళిరా, ఎలాగూ ఇవ్వరు,” అన్నాడు భర్త. ఎలాగూ ఇవ్వరన్న ధీమాతోనే సగం రోజు సెలవు పెట్టి, ఇంత ప్రేమగా పాఠం చెబుతున్నాడు.

అత్తగారు మంచాన పడ్డ రోజుల్లో ఉద్యోగం మానేయమని ఆమెని ఎవరూ అనలేదు, అదే విచిత్రం. “ఇంట్లోనే నర్సు ఉండగా బయటి మనిషెందుకు వదినా?” అని ఆడపడుచు ఫోన్లో నవ్వింది. ఆ నవ్వుతోనే ఆమె ఉద్యోగానికి నీళ్ళొదిలేసింది. మొదట్లో భర్తని “ఏమండీ, ఓ చెయ్యి వేస్తారా?” అని పిలిచేది. “వస్తున్నా” అనేవాడు. ఆ వస్తున్నా అన్న మనిషి వచ్చేలోగా అత్తగారు పక్కకి ఒరిగిపోయేది. పిలిచి ఎదురుచూడటం కంటే ఎత్తేయడమే తేలికని ఆమెకి త్వరలోనే తెలిసొచ్చింది. ఇక చుట్టాలొచ్చినప్పుడల్లా “మా ఇంట్లో క్రేన్ ఉందండీ” అని ఆయన ఆమెని చూపించేవాడు. అందరూ నవ్వేవారు. ఆమె కూడా నవ్వేది, పైగా లోపల్లోపల గర్వపడేది. ఏం గర్వమో ఏమో! మెచ్చుకోలుకి మొహం వాచిపోయిన మనిషికి వెక్కిరింపు కూడా కిరీటంలాగే ఉంటుంది.

ఆసుపత్రి మెట్లెక్కుతుంటే కాళ్ళు నేల మీద ఆనలేదు. మందుల వాసన, చక్రాల బల్ల గడగడలు, ఎక్కడో ఎవరో “సిస్టర్!” అని పిలిచిన పిలుపు. తనని కాదని తెలిసీ తల తిప్పింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఛ, ఇప్పుడా, అని తనని తానే కసురుకుంది.

లోపల ఇద్దరున్నారు. నెరిసిన జుట్టు ముడి వేసుకున్న మేట్రన్, ఆఫీసు నుంచి వచ్చిన ఒక కళ్ళజోడాయన.

“ఆరేళ్ళు ఖాళీగా ఉన్నారే?” అన్నాడు ఆయన కాగితం తిరగేస్తూ.

“ఖాళీగా లేనండీ. పక్షవాతం వచ్చిన పేషెంటుని చూసుకున్నాను. మూడు షిఫ్టులూ నేనే. ఆరేళ్ళలో వీపు మీద ఒక్క పుండు పడనివ్వలేదు.”

మేట్రన్ తలెత్తి మొదటిసారి ఆమెని సరిగా చూసింది. “రండి, పని చూపిద్దురుగాని,” అని పక్క గదిలోకి తీసుకెళ్ళింది. అక్కడ మంచం మీద బొద్దుగా ఉన్న ఒక ఆయా పేషెంటులా కదలకుండా పడుకుని ఉంది. “కుర్చీలోకి మార్చండి,” అంది మేట్రన్.

ఇదా పరీక్ష! ఆమెకి ఎగిరి గంతెయ్యాలనిపించింది. మోకాలు ఆనించింది, చేతులు దూర్చింది, ఒక్క ఊపులో లేపి, తిప్పి, కుర్చీలో కూర్చోబెట్టింది. నిమిషం కూడా పట్టలేదు. కళ్ళజోడాయన చప్పట్లు కొట్టాడు. మేట్రన్ మాత్రం కాగితం మీద అడ్డంగా ఒక గీత గీసింది.

“ఆ గోడ పక్కన నిలబడ్డ ఇద్దరూ ఎవరనుకున్నారు?”

ఆమె తిరిగి చూసింది. నీలం కోట్లు వేసుకుని ఇద్దరు వార్డు సహాయకులు, చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు. గదిలోకి వచ్చినప్పటి నుంచీ అక్కడే ఉన్నారు.

“నేను... చూడలేదు మేడమ్.”

“మీకోసమే నిలబెట్టాను. ఒంటరిగా లేపకూడదన్నది ఇక్కడ మొట్టమొదటి నియమం.” మేట్రన్ కుర్చీ లాక్కుని కూర్చుంది. “సరే, ఇప్పుడు చెప్పండి. మీ బలహీనత ఏమిటి?”

పొద్దుటి నుంచీ అప్పజెప్పిన వాక్యం నాలుక చివరిదాకా వచ్చింది. ‘పని మొదలుపెడితే నేను ఒళ్ళు...’ అక్కడే ఆగిపోయింది. కళ్ళెదుట ఇద్దరు మనుషులు నిలబడి ఉంటే కనబడలేదంటే, తన కళ్ళకి ఏమైంది? ఆమెకి అరికాళ్ళ నుంచి వేడి తన్నుకొచ్చింది, సిగ్గుతో కాదు, ఏదో దొరికిందన్న ఉత్సాహంతో. ఎన్నాళ్ళనుంచో వెతుకుతున్న నొప్పి ఎక్కడుందో డాక్టరు వేలు పెట్టి చూపించినట్టయింది. ఉద్యోగం పోతే పోయింది, ఈ మాట మాత్రం చెప్పి తీరాలనుకుంది.

“నాకు మనుషుల్ని పిలవడం రాదు మేడమ్,” అంది. “వచ్చేది. పోయింది. పిలిస్తే ఎవరూ రాకపోయేసరికి మానేశాను. మానేశాక, పక్కన మనుషులుంటారన్న సంగతే మరిచిపోయాను.”

మేట్రన్ కలం మూత పెట్టింది.

“ఇక్కడ పిలిస్తే వస్తారు. రాకపోతే నాతో చెప్పండి, నేను చూసుకుంటాను. మళ్ళీ చేసి చూపించండి.”

ఆమె గోడ వైపు తిరిగింది. మొదటి పిలుపు ఎవరికీ వినబడలేదు. రెండోసారి ప్రయత్నిస్తే మరీ పెద్దగా వచ్చింది: “ఇలా రండి, ఇద్దరూ!” ఆయా కిసుక్కున నవ్వింది. ఇద్దరూ వచ్చారు. వచ్చేశారు, అంతే! ఒకటి, రెండు, మూడు. మనిషి బరువు ఇంత తక్కువగా ఉంటుందని ఆమెకి ఆ క్షణం దాకా తెలియదు. పట్టలేని సంతోషంతో ఆ ముగ్గురినీ మార్చి మార్చి చూసింది.

“సోమవారం పొద్దున్న ఏడింటికి రండి,” అంది మేట్రన్.

బస్సులో కిటికీ పక్కన కూర్చుని దారి పొడుగునా తనలో తను నవ్వుకుంది. ఇంటికొచ్చేసరికి భర్త హాల్లో ఫోన్ చూసుకుంటున్నాడు. “అమ్మ పక్క తడిసింది. నువ్వొచ్చేదాకా ఆగమన్నాను,” అన్నాడు తల ఎత్తకుండానే.

“ఎంతసేపైంది?”

“ఓ గంట.”

ఆమె చెప్పులు విడిచి అత్తగారి గదిలోకి వెళ్ళి, మంచానికి ఇవతల నిలబడింది. “ఏమండీ, ఇలా రండి.”

“వస్తున్నా.”

ఆమె మంచం మీద చెయ్యి వేయలేదు. అలాగే నిలబడింది. “రండి,” అంది మళ్ళీ. మూడోసారి పిలిచాక కుర్చీ చప్పుడైంది.

“ఏంటి? ఇచ్చారా ఉద్యోగం?” అన్నాడు గుమ్మంలోంచి.

“ఇచ్చారు. సోమవారం నుంచి, పొద్దున్న ఏడింటికి.”

“మరి అమ్మని ఎవరు...”

“అదే నేర్పుతున్నాను. అటువైపు రండి. భుజం వెనక అరచెయ్యి, నడుం కింద రెండో చెయ్యి. లాగకూడదు. మూడు అన్నాక లేపాలి.”

చెమటలు కక్కుతూ చేశాడు. అత్తగారు మెల్లగా లేచి దిండుకి ఆనుకుంది. కాసేపు కోడలి మొహం వంక చూసింది.

“నొప్పి... లేదే,” అంది.

“నొప్పేమిటి అత్తయ్యా?”

“లేపినప్పుడల్లా... భుజం... ప్రాణం పోయేది. ఆరేళ్ళుగా.” ఆగింది. “నువ్వొక్కదానివే కదా... నీకేం చెప్పను... అని ఊరుకున్నా.”

ఆమె మంచం పట్టె గట్టిగా పట్టుకుంది. భర్త చేతులు ఇంకా అమ్మ వీపు వెనకే ఉన్నాయి, తియ్యాలో వద్దో తెలియనట్టు.

అత్తగారు ఆడే చేత్తో కోడలి చెయ్యి అందుకుంది.

“వాణ్ణి... రోజూ పిలువు,” అంది.